పుర్రచేతి వాటం

మా బావకి లెక్కలు నాలుగు దాకానే వచ్చని మా ఇంట్లో ఓ జోకు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన రోజూ చేసింది ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అరవడమే. నాలుగు అనేసరికి గోడ అవతల ఢామ్మని పేలేది. సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చేతి గ్రెనేడు విసరడం నేర్పే మాస్టారు ఆయన. అదే శిక్షణ కేంద్రం ఆఫీసులో నేను గుమాస్తాని. ఆయనకి నోటితో పని, నాకు చేత్తో పని, ఇద్దరికీ బుర్రతో పని లేదని మా అక్క అంటూ ఉండేది.

ఆ నాలుగు లెక్క ఇంటికీ వచ్చేసింది. బజారుకి బయల్దేరుతూ "నాలుగు లెక్కపెట్టేలోపు గుమ్మం దాటాలి" అని హుకుం జారీ చేసేవాడు. అక్క తీరిగ్గా తాళం వేసి, అది పడిందో లేదో మూడుసార్లు లాగి చూసి వచ్చేసరికి నాలుగు కాస్తా నాలుగొందలయ్యేది. బావ వీధిలో నిలబడి గింజుకునేవాడు. వేలకి వేలమంది కుర్రాళ్ళని గడగడలాడించిన మనిషి మా అక్క తాళం ముందు ఓడిపోవడం నాకు భలే సరదాగా ఉండేది.

ఆయన్ని ఎరిగినవాళ్ళంతా వీరుడంటారు. పత్రికలో ఫోటో కూడా పడింది. ఆయన గురించి నిజం రాయాలని నాకు చాలాసార్లు అనిపించింది. కానీ రాయబోతే అందులో సగం నా గురించే రాయాల్సి వస్తుంది. ఆ సిగ్గుతోనే ఇన్నాళ్ళూ వాయిదా వేశాను.

వారానికోసారి హాజరు పట్టీ తీసుకుని నేను ఆయన తరగతికి వెళ్ళేవాణ్ణి. కావాలనే పాఠం మొదలయ్యే వేళకి వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చునేవాణ్ణి. ఆయన పాఠం అంత బావుండేది. బల్ల మీద నిలువునా కోసిన గ్రెనేడు ఒకటి ఉండేది, లోపల ఏముందో కనబడేలా. పైన ఇనప డొల్ల. దాని నడుమ మందు. నెత్తిన పిన్ను, పక్కన ఒంటికి అతుక్కుని మీట.

"ఎంతుంది? గుప్పిట్లో పడుతుంది. బరువు అరకిలో లోపే. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. పిన్ను ఉన్నంతసేపూ ఇది నీ మాట వింటుంది. పిన్ను పీకాక కూడా మీట మీద నీ చెయ్యి ఉన్నంతసేపూ వింటుంది. చెయ్యి వదిలావా, ఇక అది ఎవరి మాటా వినదు. నాలుగు సెకన్లు. ఒక్కోసారి మూడున్నర, ఒక్కోసారి అయిదు. దాని గడియారం దానిష్టం."

ఎవడో ఒకడు లేచి, సినిమాల్లో పళ్ళతో పీకుతారు కద సార్ అనేవాడు. ప్రతి బ్యాచిలోనూ ఒకడు ఉంటాడు. బావ వాడికి శిక్షణకి వాడే డమ్మీ ఇచ్చి "పీకు నాయనా" అనేవాడు. వాడు దవడలు నొప్పెట్టేదాకా లాగేవాడు. పిన్ను కదిలేది కాదు. "పన్ను ఊడితే చెప్పు, సెలవిస్తాను" అనేవాడు బావ. తరగతంతా గొల్లుమనేది.

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పేవాడు. "పేలుడు కాదురా చంపేది, ముక్కలు. ఈ డొల్ల ముక్కలుముక్కలై నాలుగు వైపులా ఎగురుతుంది. పాతవాటికి పైన గళ్ళు ఉండేవి. ఆ గళ్ళ ప్రకారం పగులుతుందని అందరూ అనుకుంటారు. కాదు, అవి చెయ్యి జారకుండా పట్టు కోసం. కొత్తవాటికి పైన నున్నగా ఉండి, ఆ గళ్ళేవో లోపల ఉంటాయి. నువ్వు ఎంత బలంగా విసిరినా ముప్పై, నలభై గజాలు. ముక్కలు అంతకంటే దూరం ఎగురుతాయి. అంటే వెనక్కి నీ దాకా కూడా వస్తాయి. విసిరినవాడే ముందు దాక్కోవాల్సిన ఆయుధం ఇది. అందుకని గోడ లేకుండా విసిరేవాడు వీరుడు కాదు, వెధవ."

ఒక ఏడాది వచ్చిన బ్యాచిలో ఒక కుర్రాడికి పుర్రచేతి వాటం. మొదటి రోజే బావ వాడికి 'పుర్రచెయ్యి' అని పేరు పెట్టేశాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వు మొహంతో ఉండేవాడు. డమ్మీలు విసిరే మైదానంలో దూరాలు తెలియడానికి సున్నం కొట్టిన రాళ్ళు పాతి ఉండేవి. వాడు ఎడమ చేత్తో విసిరితే డమ్మీ ఆఖరి రాయి దాటి వెళ్ళి పడింది. అందరూ ఈలలు వేశారు. బావ వాడి ఎడమ చేతిలోంచి రెండో డమ్మీ లాక్కుని కుడి చేతిలో పెట్టాడు.

"గ్రెనేడుకి ఎడమ చెయ్యి లేదురా."

"కుడి చెయ్యి సరిగ్గా రాదు సార్. పుస్తకంలో ఏమైనా ఉందేమో ఒక్కసారి చూస్తారా?"

"పుస్తకం నాకు కంఠతా వచ్చు. అందులో లేదు."

పుస్తకంలో ఉంది. ముప్పై ఒకటో పేజీలో రెండు బొమ్మలతో సహా ఉంది. పుర్రచేతివాడు గ్రెనేడుని తలకిందులుగా పట్టుకోవాలని, అప్పుడు పిన్ను కుడి చేతికి అందుతుందని, మాస్టారు రెండో పక్కకి మారి నిలబడాలని రాసి ఉంది. ఆ పుస్తకానికి కాపీలు తీసింది నేనే కాబట్టి నాకు తెలుసు. బావకి అంతకంటే బాగా తెలుసు.

మరి ఎందుకు లేదన్నాడంటే, ఇసుక బస్తాల కోసం. అసలు గ్రెనేడు విసిరే గుంటకి మూడు పక్కలా బస్తాల గోడ ఉండి, తప్పించుకునే దారి ఒక్క పక్కనే ఉండేది. పుర్రచేతివాడు విసరాలంటే ఆ దారి ఇటు మూసి అటు తెరవాలి. అరగంట పని. అసలువి విసిరే వారంలోనే పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడు, అరవై మంది చేత విసిరించాలి. ఒక్కడి కోసం అరవై మందిని ఎండలో నిలబెట్టాలా అని బావ విసుక్కున్నాడు. ఆయన్ని తీర్చిదిద్దిన పాతకాలపు మాస్టారు కూడా పుర్రచేతివాళ్ళని తిట్టి కుడికి మార్చేవాడట. ఆ వారసత్వం ఒకటి.

కుర్రాడు మూడు వారాలు కుడి చేత్తో సాధన చేశాడు. పాపం, నిష్ఠగానే చేశాడు. డమ్మీ కాస్తో కూస్తో దూరం వెళ్ళడం మొదలుపెట్టింది. బావ వాడి భుజం తట్టి "చూశావా, చెయ్యి మన మాట వినాలి గానీ మనం చేతి మాట వినకూడదు" అన్నాడు.

అసలు గ్రెనేడు విసిరే రోజు నేను ఆఫీసులో ఉన్నాను. మాకు ఆ శబ్దాలు అలవాటే, పేలినప్పుడల్లా టీ గ్లాసులు కొద్దిగా అదిరేవి, అంతే. ఆ రోజు ఒకటి మాత్రం తేడాగా వినబడింది. నేల కిందనుంచి వచ్చినట్టు. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

జరిగిందేమిటో బావే చెప్పాడు. కుర్రాడు పిన్ను పీకాడు. చెయ్యి వెనక్కి తీసి విసిరాడు. కంగారులో కుడి చెయ్యి సగంలోనే బిగుసుకుపోయి గ్రెనేడు ఎదుటి బస్తా అంచుకి తగిలింది. మళ్ళీ దొర్లుకుంటూ వచ్చి ఇద్దరి కాళ్ళ మధ్యా పడింది. బావ లెక్క ఆపలేదు. ఒకటి అనేసరికి వాడి బెల్టు పట్టుకున్నాడు. రెండుకి ఈడ్చాడు. మూడుకి ఆ ఒక్క దారిలోంచి ఇద్దరూ బయటపడ్డారు. వాణ్ణి నేలకేసి పైన తను పడ్డాడు. నాలుగు అనలేదు, ఈలోపే పేలింది. బావ పిక్కలో రెండు ముక్కలు దిగాయి. ఒకటి తీశారు, రెండోది ఎముకని ఆనుకుని ఉందని వదిలేశారు. కుర్రాడికి ఒంటి మీద గీత పడలేదు గానీ కుడి చెవికి వినికిడి పోయింది.

మూడో రోజు మా ఆఫీసరు నన్ను పిలిచి, "విచారణకి వాంగ్మూలం కావాలి. మీ బావే కదా, నువ్వే వెళ్ళి రాసుకురా" అన్నాడు. ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో బల్ల మీద అక్క ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి. లోపల బావ కాలు ఎత్తుగా దిండ్ల మీద పెట్టి ఉంది.

"రాసుకోరా. వాడు ఎడమ చేత్తో విసురుతానన్నాడు. నేనే వద్దన్నాను. పుస్తకంలో లేదని అబద్ధమాడాను."

నా కలం ఆగిపోయింది.

"బావా, వాళ్ళు అడిగింది ఆ రోజు గుంటలో ఏం జరిగిందని. మూడు వారాల కిందటి సంగతి ఎవరడిగారు?"

"అదే కదరా అసలు సంగతి."

"అది రాస్తే నీ ఉద్యోగం ఉంటుందా? అక్కని చూశావా బయట?"

బావ నా మొహంలోకి చూశాడు. "మరి వాడు?"

"వాడు బతికున్నాడుగా, నీ పుణ్యమా అని. కుర్రాడు, ఇంకో పని దొరక్కపోదు."

బావ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. నేను దాన్ని పూర్తి అంగీకారం కింద రాసేసుకున్నాను. ఆఫీసుకి వచ్చి టైపు కొట్టాను. 'సహజంగా ఎడమచేతి వాటం గల శిక్షణార్థి తడబాటు వల్ల ప్రమాదం సంభవించినది. శిక్షకుడు ప్రాణాలకు తెగించి అతనిని కాపాడినాడు.' ఒక్క అక్షరం తప్పు పోలేదు. అంత శుభ్రంగా టైపు కొట్టినందుకు ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా. బావ సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని బట్టే కుర్రాణ్ణి పనికిరాడని ఇంటికి పంపేశారు. పంపుతూ ఇచ్చిన ఉత్తరువూ నా చేతి మీదుగానే వెళ్ళింది.

వెళ్ళే ముందు వాడు ఆసుపత్రికి వచ్చాడు. బావ మంచం పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా పుర్రచెయ్యి వల్ల మీ ప్రాణం మీదికి వచ్చింది సార్. నన్ను క్షమించండి" అన్నాడు. వినబడని చెవి వైపు చెయ్యి మాటిమాటికీ పోతోంది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం కిక్కురుమనకుండా ఉన్నాం. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

బావకి పతకం వచ్చింది. పత్రికలో ఫోటో వచ్చింది. ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు చుట్టూ జనాన్ని పోగుచేసి "మా వీరుడు చెప్తాడు వినండి" అనేవారు. బావ చెయ్యి కడుక్కునే నెపంతో లేచి పెరట్లోకి పోయేవాడు. "చూశారా, ఎంత నిగర్వో!" అనేవారు జనం. గుమ్మడికాయ దొంగంటే నేను భుజాలు తడుముకునేవాణ్ణి. మొదట్లో బావని ఆటపట్టించి ఆయన మనసు తేలిక చేద్దామని చూశాను. "పోనీలే వీరుడా, పెళ్ళికూతురు నీ చేతుల మీదుగా బహుమానం తీసుకుంటుందట" అంటే, "నువ్వు నోర్ముయ్యి" అన్నాడు. ఆయన నాతో అలా మాట్లాడటం అదే మొదలు.

కుంటుకుంటూనే మళ్ళీ డ్యూటీలో చేరాడు. చేరిన వారంలోనే సెలవు రోజున ఒక్కడే బస్తాలు మోసి రెండో గుంట కట్టాడు, దారి రెండో పక్కన పెట్టి. ఆ తర్వాత ప్రతి బ్యాచికీ ఆయన అడిగే మొదటి ప్రశ్న, "మీలో పుర్రచేతి వాటం ఎవరికుంది?" అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆ ఆకులు చాలామందికి పనికొచ్చాయి, ఒప్పుకుంటాను. చెయ్యి కాలినవాడికి మాత్రం పనికిరాలేదు.

ఇక ఉత్తరాలు. ప్రతి ఏడూ అదే తేదీకి ఆ కుర్రాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చేది. బావ విప్పేవాడు కాదు. అక్క విప్పి గట్టిగా చదివేది. 'మీరు ఇచ్చిన ప్రాణంతో ఇంకో ఏడు బతికాను మాస్టారూ' అని మొదలయ్యేది. బండ్ల సీట్లకి కవర్లు కుట్టడం నేర్చుకున్నానని ఒక ఏడు. సొంత షాపు పెట్టానని ఒక ఏడు. పెళ్ళయిందని, కూతురు పుట్టిందని. అక్షరాలు మాత్రం కాకి కాళ్ళలా ఉండేవి. "ఇంత మంచివాడికి దస్తూరీ ఇలా ఏడ్చిందేమిటో" అనేది అక్క. కుడి చేత్తో రాస్తున్నాడని మాకు తోచలేదు.

పదహారో ఉత్తరం వచ్చేసరికి బావ రిటైరై రెండేళ్ళయింది. మధ్యాహ్నం భోజనాల వేళ. నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. అక్క నిలబడే చదివింది. చివర్లో ఇలా ఉంది: 'మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. దానికీ నా పుర్రచెయ్యే వచ్చింది. మొగ్గలోనే తుంచాలని మాన్పిస్తున్నాను. ఏడుస్తోంది, అయినా వదలడం లేదు. నాలా అది రేపు ఎవరి ప్రాణం మీదికీ తేకూడదు కదా మాస్టారూ.'

"పాపం, ఎంత విశ్వాసమో చూడండి" అంది అక్క, ఉత్తరం మడుస్తూ.

బావ కంచంలో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత చెప్పేశాడు. బస్తాల సంగతి, పుస్తకం సంగతి, ముప్పై ఒకటో పేజీ సంగతి. తల ఎత్తకుండా, అన్నీ వరసగా. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి విచారణలో చెప్పలేదేమండీ?"

"భయమేసింది" అన్నాడు బావ. నా పేరు ఎత్తలేదు.

అక్క నా వైపు తిరిగింది. "నీకు తెలుసట్రా ఇదంతా?"

"తెలుసు" అన్నాను. అంతవరకే అన్నాను.

"పదహారేళ్ళు నా చేత ఈ ఉత్తరాలు చదివించారా మీ ఇద్దరూ కలిసి! నేనేమో ఊళ్ళో వాళ్ళందరికీ..." అక్క ఉత్తరాన్ని బావ కంచం పక్కన పడేసింది. "ఆ పిల్ల ఏం చేసిందండీ? వెళ్ళండి. ముందు వెళ్ళి చెప్పండి."

మర్నాడు పొద్దున్న బస్సెక్కాం. బావ ఒళ్ళో చేతిసంచీ, అందులో పాత శిక్షణ పుస్తకం. నేను తోడుగా వస్తున్నాననుకున్నాను. కుంటి మనిషి, ఒంటరిగా ఎలా పంపుతాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా బావే సాధన చేస్తున్నాడు, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

షాపు ఓ మెకానిక్ షెడ్డు పక్కన ఉంది. గోడకి రంగురంగుల రెక్సిన్ చుట్టలు, నేల మీద స్పాంజి ముక్కలు, గాలిలో జిగురు వాసన. అతను బల్ల మీద రెక్సిన్ పరిచి కత్తిరిస్తున్నాడు, కుడి చేత్తో, నాలుక పంటికింద పెట్టుకుని. సుద్ద గీత తిన్నగా ఉంది, కత్తెర మాత్రం దాని పక్కన వంకరటింకరగా పోతోంది. ముప్పై ఆరేళ్ళ మనిషి మొన్ననే పని నేర్చుకున్నట్టు తంటాలు పడుతున్నాడు.

బావ కుంటుకుంటూ గుమ్మం ఎక్కగానే గుర్తుపట్టాడు. కత్తెర పడేసి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాస్టారూ! నా షాపుకి మీరా!" అని లోపలికి కేకేశాడు. "ఏమోయ్, ఎవరొచ్చారో చూడు!" షాపు వెనక గదే ఇల్లు. అతని భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. ఎదురుగా గోడ మీద అద్దం కట్టించిన ఫోటో. పత్రికలో పడ్డ బావ ఫోటో. మాకు తలకొట్టేసినట్టయింది. ఎటు చూడాలో తెలియక నేల చూశాం.

టీ ఇస్తూ ఆవిడ నవ్వుతూ అంది. "ఎడమ చేత్తో కోస్తే గీత గీసినట్టు కోస్తారండీ ఈయన. నేను చూశాను, ఒకసారి నిద్రమత్తులో కోస్తుంటే. చెప్తే మాత్రం వినరు. రోజుకి నాలుగు సీట్లు కుట్టాల్సిన మనిషి రెండు కుడతారు."

"ఆ చెయ్యి చేసింది చాల్లే" అన్నాడతను.

మూలన చాప మీద ఓ పిల్ల కూర్చుని పలక మీద ఒకటే వాక్యం పైనుంచి కిందికి రాస్తోంది. ఎడమ చేతికి మణికట్టు దాకా ఓ ఎర్ర రెక్సిన్ సంచీ తొడిగి ఉంది, చక్కగా కుట్టి, గుండీ పెట్టి. నేను దాన్నే చూస్తున్నానని అతను గమనించి వినబడే చెవి నా వైపు తిప్పాడు. "రాసుకునేటప్పుడు, తినేటప్పుడు వేస్తామండి. ఆర్నెల్లయింది. మొదట్లో నానా యాగీ చేసింది, ఇప్పుడు అలవాటైపోయింది" అన్నాడు. ఆ గొంతులో గర్వం ఉంది.

బావ టీ గ్లాసు కింద పెట్టాడు. సంచీలోంచి పుస్తకం తీసి, ముప్పై ఒకటో పేజీ తెరిచి, అతని ఒళ్ళో పెట్టాడు.

"చదువు."

అతను చదివాడు. బొమ్మలు చూశాడు. మళ్ళీ మొదట్నించీ చదివాడు.

"నువ్వడిగినప్పుడు కూడా ఇది ఉందిరా. నాకు తెలుసు. బస్తాలు మార్చడానికి బద్ధకించి లేదన్నాను. నీ చేతిది తప్పు కాదు, నాదే. నీ ప్రాణం నేను కాపాడలేదు. ముందు చావులోకి తోసింది నేను, తర్వాత లాగింది నేను. విచారణలో కూడా చెప్పకుండా దాచాను. ఆ పిల్ల చేతికున్నది తీసెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగబోయాడు. అతను ఆపాడు గానీ, చేతులు వెంటనే వెనక్కి తీసేసుకున్నాడు.

"నేను అడిగాను కద సార్" అన్నాడతను. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది. "ఒక్కసారి పుస్తకం చూడమని అడిగాను. మా నాన్న చచ్చిపోయేదాకా నాతో మాట్లాడలేదు. పనికిరానివాడని కాగితం మీద రాసిచ్చారు కదా, దాన్ని ఆయన ఎవరి చేతో చదివించుకున్నాడు." పేజీ మీద వేలు పెట్టి అలాగే ఉన్నాడు. "ఇంత మాట దాచి ఆ కాగితం ఎవరు రాశారు సార్? మీరేనా?"

"నేనే చెప్పి రాయించాను" అన్నాడు బావ.

ఇక్కడ కూడా నన్ను దాటేస్తున్నాడు. నేను కాస్త ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు బాగా వచ్చు కూడా. కానీ ఆ పిల్ల రాయడం ఆపి మావైపే చూస్తోంది.

"కాదు" అన్నాను. "ఆయన అంతా ఉన్నదున్నట్టు చెప్పాడు. రాయక్కర్లేదని ఆపింది నేను. టైపు కొట్టింది నేను. నువ్వు ఇంకెక్కడో పని చూసుకుంటావులే అన్నాను."

అతను నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. ఆ చూపుకి నేను ఆ చాప కింద దూరిపోతే బావుండుననిపించింది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మానికి ఆనుకుంది.

అతను లేచి పిల్ల దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సంచీ గుండీ విప్పి తీసేశాడు. లోపల చెమటకి పిల్ల వేళ్ళు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. వాటిని తన చొక్కాతో తుడిచాడు. బలపం పలక మధ్యలో పెట్టాడు.

"నీకు ఏ చేత్తో ఇష్టమైతే ఆ చేత్తో రాసుకోమ్మా. ఇక నాన్న ఏమీ అనడు."

పిల్ల నాన్న మొహంలోకి చూసింది. మా ఇద్దర్నీ చూసింది. ఎడమ చెయ్యి కాస్త లేచింది, మళ్ళీ ఆగింది. కుడి చేత్తో బలపం తీసుకుని, ఎడమ చెయ్యి తిన్నగా నాన్న ముందుకి చాపింది.

"సంచీ వెయ్యి నాన్నా. ఇంకా రాయడం అవ్వలేదు."

అతను సంచీ చేతిలో పట్టుకుని మా వైపు తిరిగాడు. బావ ఏడుస్తున్నాడు. నేను తల దించుకున్నాను.